మూడో పిన్ను

ఇది కాదన్నా, ఇది కాదు! చిన్నది వద్దని వచ్చినప్పటి నుంచి మొత్తుకుంటా ఉండాను గదా. మా కొంప ముంచేదే ఈ చిన్న ప్లగ్గు. మల్లా అదే తెచ్చి నా చేతిలో పెడతావే!

పెద్దది కావాల. మూడు పిన్నులది, లావు పిన్నులది. పవర్ ప్లగ్గంటారే, అది. ఫ్రిజ్జుకి కాదు, గీజరుకి కాదు. అవి మా ఇంట్లో యాడుండాయి? మిషనుకి. కట్టె అరగదీసే మిషను.

ఉదయగిరి నుంచి వచ్చినానన్నా. పొద్దున బస్సుకి. కూర్చోను సీటు కూడా దొరకలా, ఆత్మకూరు దాకా నిలబడుకోనే వచ్చినాను. ఏందీ, ఉదయగిరిలో కరెంటు సామాన్ల షాపులు లేవా అంటావా? ఎందుకు లేవు, ఉండాయి. ఆడ నేను ప్లగ్గు కొంటే, నేను ఇల్లు చేరేలోపలే మా ఆయన చెవిలో పడతాది. 'ఏం ప్రేమానందం, మీ ఇంటామె ప్లగ్గు కొనుక్కోని పోయిందే' అని ఎవుడో ఒకడు అంటాడు. ఇంక చూడు నా సామి రంగా.

మా ఆయన పేరు ప్రేమానందం. చెక్క గరిటెలు, స్పూన్లు చేస్తాడు. మా ఊర్లో ఆ పని చేసేవాళ్ళు చానామందే ఉండారు గానీ, మా ఆయన చేతి పని వేరే అన్నా. గరిటె కాడ మీద ఆకు చెక్కితే ఆకులో ఈనెలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. నేను పాలిష్ చేస్తాను. నా పేరు సుకుమారి. పేరే సుకుమారం, చేతులు చూడు ఎట్టుండాయో.

ఒక్క నిమిషం, ఫోనేమన్నా మోగిందా? లేదా? మోగినట్టుండాది నాకు. ఈ బస్టాండు రొదలో ఏదీ వినపడి చావదు. నీ కౌంటర్ మీదే పెడతానన్నా, మోగితే చెప్పు.

కరెంటు రాంగానే ఫోన్ చెయ్యమని మా పాప ఏంజెలిన్‌కి చెప్పొచ్చినాను. ఈ రోజు మా ఆడ లైను పని, మూడింటి దాకా కరెంటు రాదని చెప్పినారు. అందుకే ఇంత ధైర్యంగా వచ్చినాను, లేకపోతే ఇల్లు కదిలేదాన్నా? మూడింటి లోపల ఇల్లు చేరాల. కరెంటు వచ్చిందంటే ఆయన ఆగడు.

ఇదిగో, పాత ప్లగ్గు తెచ్చినాను చూడు. మాదిరి ఉండాల గదా అని సంచిలో ఏసుకోనొచ్చినాను. చూసినావా, ఒక పక్క ఎట్టా నల్లంగా మాడిపోయిందో. పాలు పొంగి మాడిన వాసనొస్తాది మిషను ఆడినప్పుడు. 'ఏందయ్యా వాసన' అంటే, 'కట్టె వాసనే' అంటాడు. ముప్పై ఏళ్ల నుంచి కట్టెతోనే బతుకుతా ఉండాను, కట్టె వాసన నాకు తెలీదా?

ఏందన్నా, వైరు తెగిన చోటే చూస్తావు? అది... ఎలుకలన్నా. ఎలుకలు కొరికినాయి. మా ఇంట్లో ఎలుకలు బలిసిపోయినాయి. ఇంత నున్నంగా ఎట్టా కొరికినాయా? నన్నడిగితే నేనేం చెప్పేది, ఎలకనడుగు! నువ్వు ప్లగ్గు చూడన్నా ముందు.

అసలు ఈ మిషను మా ఇంటికి రాకముందు నిమ్మళంగా ఉండినాము. బాడిసతో చెక్కేది, ఆకురాయితో రుద్దేది. రోజుకి ఎన్ని అయితే అన్ని. ఈ మధ్య గిరాకీ పెరిగింది. ఎగ్జిబిషన్లంట, హోటళ్ళంట, వాళ్ళకి అన్నీ ఒకే నునుపుతో, ఒకే రోజుకి కావాలంట. చేత్తో రుద్దితే ఎప్పటికి తెమలాల? సెకండ్ హ్యాండులో ఈ మిషను తెచ్చినాడు. ఇనప బాడీ, బరువు. ఆన్ చేస్తే ఇల్లంతా ఊగుతాది.

మిషను వచ్చేటప్పుడు పెద్ద ప్లగ్గుతోనే వచ్చిందన్నా, నా కళ్ళతో చూసినాను. మా ఇంట్లో బోర్డు చిన్నది. రేడియో కాలం నాటి బోర్డు, మా మామ బతికుండగా పెట్టించింది. పెద్ద ప్లగ్గు దాంట్లోకి దూరలా. మా ఆయన అటు తిప్పినాడు, ఇటు తిప్పినాడు. దూరకపోయేసరికి పట్టుకారుతో ప్లగ్గునే కత్తిరించి పారేసి, ఈ రెండు పిన్నుల బుడ్డది తగిలించినాడు. లోపల మూడు వైర్లు ఉండినాయి. ఎరుపు, నలుపు, పచ్చ. ఎరుపు, నలుపు బిగించినాడు. పచ్చది మిగిలిపోయింది. 'ఇది దండగది' అని వెనక్కి మడిచి టేపు చుట్టేసినాడు.

దండగదంట! మిషను చేసినోడికి పని లేక పెట్టుంటాడా దాన్ని?

నాకూ తెలీదన్నా అప్పుడు. తెలిసినట్టు ఎగిరి మాట్లాడతా ఉండాను గానీ, ఆ రోజు ఆయన టేపు చుడతా ఉంటే నేనే కత్తెర అందించినాను.

ఇంకో సంగతి చెప్పాల నీకు. మా పనిలో కట్టె ఆరకూడదు. పచ్చి కట్టెతోనే చెయ్యాల, ఆరిందంటే పగులుతాది. మా అత్త ఉన్నన్నాళ్ళూ కట్టె మింద తడి గోనెసంచి కప్పి పెట్టేది. వస్తా పోతా చెంబుడు నీళ్ళు చల్లేది. 'కట్టెను ఎండబెట్టినోళ్ళు కడుపు ఎండబెట్టుకుంటారు' అనేది. పని చేసే చోటంతా చెమ్మగానే ఉంటాది. మా ఆయన ఒళ్ళోకి తడి సంచి పరుచుకోని, ఉత్త కాళ్ళతో నేల మీద కూర్చోని చేస్తాడు. వాళ్ళ నాయన అట్టే చేసినాడు, వాళ్ళ తాత అట్టే చేసినాడు.

బాడిసకి తడి తగిలితే ఏమవతాది? మహా అయితే తుప్పు. మిషనుకి తగిలితే?

నవ్వుతావేందన్నా? నీకు తెలుసు కాబట్టి నవ్వుతావు. మాకెవరు చెప్పినారు? నీళ్ళు చల్లడం మాకు పనిలో భాగం. అన్నం తినేముందు చెయ్యి కడుక్కున్నట్టు మిషను ముందర కూర్చునే ముందు నీళ్ళు చల్లుకుంటాడు ఆయన.

పోయిన శనివారం జరిగింది చెప్తాను విను. వింటే నువ్వే ఆ పెద్ద ప్లగ్గు ఎతికి ఇస్తావు.

నేను పొయ్యి కాడ పప్పు తాలింపు ఏస్తా ఉండాను. మిషను ఆడతా ఉండాది. ఉన్నట్టుండి దాని మోత మారింది. రోజూ వినే మోత గదా, మారితే తెలుస్తాది. తిరిగి చూస్తే ఆయన నోరు తెరుచుకోని ఉండాడు, సౌండు రాడం లా. చెయ్యి మిషనుకి అతుక్కపోయింది. కళ్ళు నా వైపే ఉండాయి గానీ నన్ను చూడడం లా. నేనేం చేసినానో తెలుసా? ఏం చెయ్యలా! గరిటె పట్టుకోని నిలబడిపోయినాను.

అంతలో కరెంటు పోయింది.

నిజమన్నా, కరెంటు పోయింది! ఎవురూ స్విచ్చి ఆపలా. ఊర్లో మామూలుగా పోతాదే, అట్టా పోయింది. మిషను ఆగింది. ఆయన చెక్కపొట్టు మీద పక్కకి ఒరిగిపోయినాడు. పక్కింట్లో వాళ్ళు కరెంటోళ్ళని తిట్టడం నాకు వినపడతా ఉండాది. సినిమా మధ్యలో పోయిందంట, పాపం. వాళ్ళు తిడతా ఉంటే నేను ఆయన తల ఒళ్ళో పెట్టుకోని స్తోత్రం చెప్పుకుంటా ఉండాను.

ఏం కాలేదన్నా, దేవుడి దయ. అరిచేతిలో రూపాయి బిళ్ళంత కాలింది. సాయంత్రానికి లేచి కూర్చోని పప్పన్నం తిన్నాడు. 'జివ్వుమనింది, అంతే' అన్నాడు. అంతేనంట!

మరుసటి రోజు ఆదివారం. చర్చిలో లేచి సాక్ష్యం చెప్పినాడు. మేము బాప్టిస్టులం అన్నా, మా తాతల కాలం నుంచి. 'నా చెయ్యి మరణం పట్టుకుంటే, ప్రభువు ఊరంతటికీ కరెంటు తీసేసి నన్ను విడిపించినాడు' అన్నాడు. సంఘమంతా స్తోత్రం, స్తోత్రం! ఆడోళ్ళందరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏడ్చినారు. నేనూ ఏడ్చినాను. నేను నమ్మలేదనుకోవద్దు. నమ్మినాను, ఈ రోజుకీ నమ్ముతాను. ఆ కరెంటు తీసింది దేవుడే.

కానీ సోమవారం పొద్దున్నే ఈయన మల్లా అదే ప్లగ్గు పెట్టినాడు చూడు! అదే నేల, అదే తడి సంచి.

నేనన్నాను, 'అయ్యా, ప్లగ్గు మారుద్దాం. పాప ఫోన్లో చూసింది, ఆ పచ్చ వైరు పెద్ద పిన్నుకి ఇయ్యాలంట, అప్పుడు షాకు మనిషి మీదికి రాదంట' అని. ఆయన నన్ను ఎగాదిగా చూసి, 'నన్ను కాపాడింది దేవుడా, ప్లగ్గా?' అన్నాడు. 'సంఘం ముందర సాక్ష్యం చెప్పి మూడు పొద్దులు కాలేదు, ఇప్పుడు ప్లగ్గు మారిస్తే ప్రేమానందం విశ్వాసం ఇంతేనా అనరా?' అన్నాడు.

అర్థమైందా అన్నా? ప్లగ్గు మారిస్తే దేవుడి మీద నమ్మకం లేనట్టంట! షాకు తగలక ముందర చెప్పుంటే సరే చూద్దాం లే అనేటోడే. సాక్ష్యం చెప్పినాక ఆ ప్లగ్గుకి పెద్ద మర్యాద వచ్చిపడింది మా ఇంట్లో.

నాకూ నోరుండాది గదా. అన్నాను. 'దేవుడు ఒక్కసారి తీసినాడు కరెంటు. నీ ఒక్కడి కోసం రోజూ ఊరందరికీ తీస్తా కూర్చుంటాడా?' అన్నాను. అంతే. కంచం ముందర నుంచి లేచిపోయినాడు. అప్పట్నుంచి మిషను ఆన్ అయిందంటే నాకు పొయ్యి మీద ఏముండాదో తెలీదు. ఉప్పు రెండుసార్లు ఏస్తాను. మోత మారిందా, మోత మారిందా అని చెవులు ఆడే ఉంటాయి. మోత మారితే భయం, ఆగితే ఇంకా భయం. ఎందుకాగిందో చూసి రావాల మల్లా. ఇట్టా ఎన్నాళ్ళు బతకాల మనిషి, నువ్వే చెప్పు.

ఆఁ, ఇదే! ఇదే అన్నా. మూడు పిన్నులు, లావుగా. పదహారు ఆంపులా? అదే మా పాప చెప్పింది కూడా. బరువుగానే ఉండాది. పైన ఉండే ఈ పెద్ద పిన్నుకేనా పచ్చ వైరు? సరే. దీనికి బోర్డు కూడా పెద్దది కావాల గదా, అది కూడా ఇయ్యి. వైరు లావుదా? ఇయ్యి. పాలిష్ డబ్బులు నావి నా దగ్గర ఉండాయి, రేటు సంగతి తర్వాత చూద్దాం.

ఏందీ? ఇంట్లో ఎర్తు ఉండాదా అంటావా?

ఎర్తంటే?

ఈ మూడో పిన్నే గదన్నా ఎర్తు? దీంట్లోనే ఉండదా? ... భూమిలోకి పోవాలా? ఏం పోవాల? ... అయితే మా ఇంట్లో అట్టాంటిది ఏమీ లేదు. రేడియో కాలం బోర్డని చెప్పినాను గదా. అంటే, ఒట్టి ప్లగ్గు తీసకపోయి పెడితే లాభం లేదా? ఇంత పెద్ద పిన్ను ఊరికే ముక్కుపుడక మాదిరి అందానికి ఉంటాదా?

అయ్యో నా తండ్రీ. ప్లగ్గు దొరికితే చాలనుకోని వచ్చినానే.

ఆగన్నా, ఆగు, నిదానంగా చెప్పు. గొయ్యి తవ్వాల. పైపు పాతాల. బొగ్గు, ఉప్పు పొయ్యాల. ఆ పైపు నుంచి వైరు తెచ్చి ఈ మూడో పిన్నుకి కలపాల. నీళ్ళు పోస్తా ఉండాల, ఆరిపోకుండా. అంతే గదా? అంతేనా? మరి దీనికింత భయపెడతావేంది! బొగ్గు మా పొయ్యిలో ఉండాది, ఉప్పు డబ్బాలో ఉండాది. నీళ్ళు చల్లడం మా వంశానికే అలవాటు. తడి ఉండాల్సింది ఒళ్ళో కాదు, గోతిలో అంటావు. భలే ఉండాది.

గొయ్యి ఎవురు తవ్వుతారంటావా? నేనే తవ్వుతాను. మా ఆడ నేల రాయన్నా, గడ్డపార కూడా లేచి కొడతాది. అయినా తవ్వుతాను. మనిషి కోసం తవ్వేదాని కంటే పైపు కోసం తవ్వేది మేలు గదా.

కనెక్షన్ మాత్రం మీరు చెయ్యొద్దు, తెలిసినోడి చేత చేయించమంటావా? సరే, సరే. మా చర్చిలోనే ఉండాడు ఒకాయన, ఆదెయ్య అని, వైరింగ్ పని చేస్తాడు. ఆయన్నే పిలుస్తాను. సాక్ష్యం రోజు ముందు వరసలో కూర్చోని స్తోత్రం అన్నోడే. ఇప్పుడొచ్చి పైపుకి వైరు చుట్టనీ.

ఈ డబ్బా ఏంది? మెయిన్ పక్కన పెట్టేదా? ... షాకు కొడితే దానంతటదే కరెంటు తీసేస్తాదా? ఎవురూ స్విచ్చి నొక్కకుండానే? రెప్పపాటులో?

మల్లా చెప్పన్నా.

అంటే... ఆ శనివారం దేవుడు చేసిన పని ఇది చేస్తాదా? మా ఇంటికి మాత్రం కరెంటు పోతాది, పక్కింటోళ్ళ సినిమా ఆగదు. అంతేనా? ప్రభువా! ఇట్టాంటిది ఉండాదని ఎవురూ చెప్పకపోయిరే! మా ఆయనకి చెప్తాను, 'నీ సాక్ష్యం యాడికీ పోదు, ఇదీ దేవుడు పంపించిందే' అని. వింటాడంటావా? వినకపోతే...

ఫోను! మోగుతా ఉండాది అన్నా, ఇటియ్యి, ఇటియ్యి!

ఏంజీ! ఏందే? ... కరెంటు వచ్చిందా? అప్పుడేనా! మూడని గదా అన్నారు! ఏనాడూ చెప్పిన టైముకి రాని కరెంటు ఈ రోజు ముందే వచ్చిందా! ... ఆ మోతేందే? మిషనా? ఎట్టా ఆడతాది మిషను? ప్లగ్గు ఈడ నా దగ్గరే ఉండాది గదా!

ఏందీ?

అగ్గిపుల్లలా?

ఒసే, విను. మాట్లాడబాక, విను. మెయిన్ ఆపు. నాయనకి చెప్పేదేం వద్దు, నాయన దగ్గరికి పోబాక, మనిషిని ముట్టుకోబాక. వాకిట్లో మెయిన్ ఆపు. తిడతాడా? తిట్టనీ! పరిగెత్తు. ఫోన్ పెట్టబాక. నేను లైన్లోనే ఉండాను, పరిగెత్తు తల్లీ.

అన్నా... వైరు ఒలిచి, ఒట్టి తీగలు బోర్డు బొక్కల్లో దూర్చి అగ్గిపుల్లలు కొట్టినాడంట. ఊడిపోకుండా. ఆర్డరు రేపిచ్చెయ్యాలని.

ఎలుకలు కాదన్నా. నేనే.

పొద్దున ఆయన ప్రార్థన చేసుకుంటా ఉంటే, కత్తిపీట మీద పెట్టి సర్రున కోసినాను, బెండకాయ కోసినట్టు. అందుకే అంత నున్నంగా ఉండాది. ప్లగ్గు లేకపోతే మిషను ఆడదు, నేను కొత్తది తెచ్చేదాకా ఆయన ఊరికే కూర్చుంటాడనుకున్నాను. మా అక్కకి బాగలేదని అబద్ధం చెప్పి బస్సెక్కినాను. ఆయన ఊరికే కూర్చునే మనిషేనా? ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ మాత్రం తెలుసుకోలేకపోతి గదా. రెండు పిన్నులన్నా ఉండినాయి. వాటికి పైన డిప్పన్నా ఉండింది. అది కూడా నేనే తీసేసి ఒట్టి తీగలు ఆయన చేతికిచ్చి వచ్చినాను.

ఆగింది.

అన్నా, మోత ఆగింది.

ఏంజీ? మెయిన్ ఆపినావా? ... ఏంజీ! నువ్వాపినావా, దానంతటదే ఆగిందా? ఏంజీ! పలకవేందే! ఏంజెలిన్! ... అన్నా, పలకడం లేదన్నా, ఏమీ వినపడడం లేదు, నువ్వు చూడు ఫోన్ కట్టయిందేమో...

ఆఁ!

అరుస్తా ఉండాడు. వింటావా? అన్నా, వింటావా? అదిగో, ఎవుతే మెయిన్ ఆపింది అని అరుస్తా ఉండాడు! అరవనీ. అరువు సామీ, అరువు. ... ఇయ్యే, నాయనకియ్యి ఫోను.

అయ్యా. నేనే. ... నేనే చెప్పినాను ఆపమని. ... అక్కకి ఏమీ కాలేదు, బాగానే ఉండాది. కరెంటు సామాన్ల షాపులో ఉండాను. ... నీ వైరు కోసింది ఎలుక కాదయ్యా. నేను. కత్తిపీటతో. ... ఔను. ... ఔను, నాకు విశ్వాసం తక్కువే. ఎంత తక్కువో ఇంటికొచ్చినాక చెప్దువు గానీ. ఆ అగ్గిపుల్లలు తియ్యి ముందర. ... నువ్వు తియ్యకపోతే పాప మెయిన్ కాడ నుంచి కదలదు, నేను చెప్తా ఉండాను. ... అయ్యా? అయ్యా?

పెట్టేసినాడు.

ఇంటికి రావద్దన్నాడన్నా. ఇట్టా మొగుడి పని మీద కత్తి పెట్టిన ఆడదాన్ని యాడా చూడలేదంట. వచ్చే ఆదివారం నా పక్కన కూర్చోడంట. కూర్చోకపోతే పాయె, మగోళ్ళ వైపు కూర్చోనీ. నెల రోజులు మాట్లాడడు, నాకు తెలుసు. అన్నం పెడితే గోడ వైపు తిరిగి తింటాడు.

తిరగనీలే. కోపం రావాలంటే మనిషి ఉండాల గదన్నా.

ఏంది, చూస్తా నిలబడినావు? కట్టు. ప్లగ్గు, బోర్డు, వైరు, ఆ డబ్బా. పైపు బస్సులో పెట్టనిస్తారో లేదో, తాడేసి నాకు చేతికియ్యి, నేనే పట్టుకోని నిలబడతాను.